గళ్లలో అర్థశాస్త్రం: ఇంటి మాట నుంచి పుస్తకం మాటకు

(ఇంటర్‌లో సి.ఇ.సి., హెచ్.ఇ.సి. చదివే తమ్ముళ్ల కోసం, వాళ్లకు చదువు చెప్పే అన్నల కోసం)

– ఎం.ఏ. అర్థశాస్త్రం విద్యార్థి, మన హాస్టల్

అర్థశాస్త్రం కష్టమైన సబ్జెక్టు అని మన హాస్టల్‌లో ఎప్పటినుంచో ఒక పేరు పడిపోయింది. చరిత్రనో పౌరశాస్త్రాన్నో కథలాగా చదివేసే తమ్ముళ్లు కూడా అర్థశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి గైడు తెరిచి బిట్లు బట్టీ పడతారు. పరీక్ష అయిపోయిన వారానికి అందులో ఒక్క ముక్క గుర్తుండదు. మేము కూడా ఇదే హాస్టల్‌లో, ఇవే రేకు పెట్టెల మీద పుస్తకాలు పెట్టుకుని చదివినవాళ్లం. మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. ఇప్పుడు పీజీ చదువుతూ ఆదివారం పూట ఇంటర్ తమ్ముళ్లకు అర్థశాస్త్రం చెబుతున్నాం. ఇన్నాళ్లలో మాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. మన పిల్లలకు అర్థశాస్త్రం చాలావరకు ముందే తెలుసు. తెలియనివి దానికి పుస్తకంలో పెట్టిన పేర్లు.

ఆ పేర్లు నేర్పడానికి మేము గళ్ల నుడికట్టును వాడుతున్నాం. దాన్ని ఎలా తయారు చేయాలి, ఎందుకు పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అనే విషయాలు ఈ వ్యాసంలో రాస్తున్నాం. చివర మీరు పూరించడానికి ఒక నుడికట్టు కూడా ఇస్తున్నాం. పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

తెలిసిన సంగతి, తెలియని పేరు

పుస్తకంలో ‘భాటకం’ అని ఒక పాఠం ఉంటుంది. ఆ మాట వినగానే సగం మంది తలలు దించుకుంటారు. కానీ అదే పిల్లలను కౌలు గురించి అడిగి చూడండి. ఎకరానికి ఎంత, డబ్బు ముందు కట్టాలా పంట వచ్చాక కట్టాలా, నీళ్లున్న భూమికి ఎందుకు ఎక్కువ, చెలక భూమికి ఎందుకు తక్కువ, అన్నీ చెబుతారు. మంచి భూమికి ఎక్కువ ప్రతిఫలం ఎందుకు వస్తుందనే ప్రశ్న మీదే ఇంగ్లండులో డేవిడ్ రికార్డో 1817లో తన పుస్తకంలో ఒక సిద్ధాంతం రాశాడు. భూసారంలో ఉన్న తేడాల వల్ల భాటకం పుడుతుందని ఆయన చెప్పాడు. మన తమ్ముడు రికార్డో పేరు వినకముందే, నాన్న పక్కన పొలం గట్టు మీద కూర్చుని ఆ పాఠంలో సగం నేర్చుకుని వచ్చాడు.

అందుకే మేము క్లాసు మొదట్లో బోర్డును రెండు భాగాలు చేస్తాం. ఎడమవైపు ఇంటి మాట, కుడివైపు పుస్తకం మాట. ఎడమవైపు పిల్లలు చెబుతారు, కుడివైపు మేము రాస్తాం.

గిరాకీ – డిమాండ్
మిత్తి – వడ్డీ
కౌలు – భాటకం
కైకిలి, కూలి – వేతనం
ధరలు మండిపోవడం – ద్రవ్యోల్బణం
ఊరంతటికీ ఒకటే దుకాణం – ఏకస్వామ్యం
ఇది చేస్తే అది పోయె – అవకాశ వ్యయం

చివరిదానికి కొంచెం వివరణ కావాలి. సెలవులకు ఇంటికి వెళ్లిన తమ్ముడు పత్తి ఏరడానికి పోవాలా, సప్లిమెంటరీకి చదువుకోవాలా అని ఆలోచిస్తాడు. చదువుకు కూర్చుంటే ఆ రోజు కూలి పోతుంది. ఆ పోయిన కూలే ఆ రోజు చదువుకు అవకాశ వ్యయం. జేబులోంచి రూపాయి ఖర్చు కాకపోయినా చదువుకు ఖర్చు ఉంటుందన్నమాట. మన ఇళ్లల్లో పిల్లవాణ్ని బడి మాన్పించేటప్పుడు పెద్దవాళ్లు వేసుకునే లెక్క కూడా ఇదే.

పుస్తకం మాటలను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత కాలేజీ చదువుకు తెలుగులో పాఠ్యపుస్తకాలు వచ్చాయి కాబట్టే మనలాంటివాళ్లం తెలుగు మీడియంలో ఇంతవరకు రాగలిగాం. శాస్త్రానికి స్థిరమైన పేర్లు ఉండాలి. మనం మిత్తి అంటే గుంటూరువాళ్లకు అర్థం కాకపోవచ్చు. వడ్డీ అంటే అందరికీ అర్థమవుతుంది. అయితే కుడివైపు మాటను నేరుగా నెత్తిన పెట్టకుండా ఎడమవైపు మాట మీదుగా తీసుకువెళ్లాలి. మేము చెప్పేది ఇంతే.

ఒకే మాట, రెండు అర్థాలు

తెలియని మాట కన్నా తెలిసిన మాటతోనే ఒక్కోసారి ఎక్కువ ఇబ్బంది. డిమాండ్ అంటే ఏమిటని అడిగితే ఒక తమ్ముడు ‘ధర్నాలో అడిగేది’ అన్నాడు. అందరూ నవ్వారు గాని పేపర్లో రోజూ కనిపించే అర్థం అదే కదా. అర్థశాస్త్రంలో డిమాండ్ కావాలంటే మూడు ఉండాలి. వస్తువు మీద కోరిక ఉండాలి, కొనే శక్తి ఉండాలి, ఆ డబ్బు ఖర్చు పెట్టడానికి ఇష్టం ఉండాలి. ఆకలి ఎంత ఉన్నా జేబులో పైసా లేకపోతే అది ఈ శాస్త్రం లెక్కలో డిమాండ్ కాదు. మార్కెట్‌కు ఆ ఆకలి కనిపించదు. రేషన్ దుకాణం ఎందుకు పెట్టారో, మన హాస్టల్ ఎందుకు ఉందో ఈ ఒక్క వాక్యం నుంచి చెప్పవచ్చు.

‘తరుగు’ ఇంకొకటి. వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ ఉందని, తాలు ఉందని తూకంలో కోసేదాన్ని మనం తరుగు అంటాం. పుస్తకంలో ‘తరుగుదల’ వేరు. యంత్రం వాడకం వల్ల ఏటేటా దాని విలువ తగ్గడం తరుగుదల. ట్రాక్టరుకు తరుగుదల ఉంటుంది, వడ్ల బస్తాకు తరుగు తీస్తారు. ‘ప్రయోజనం’ కూడా ఇలాంటిదే. ఇంట్లో ప్రయోజనం అంటే మేలు. అర్థశాస్త్రంలో ప్రయోజనం అంటే కోరికను తీర్చే శక్తి. మంచిచెడ్డలతో దానికి సంబంధం లేదు. ఆ లెక్కన బీడీకి కూడా ప్రయోజనం ఉంది. ఈ మాట చెప్పిన రోజు క్లాసులో పెద్ద వాదనే జరిగింది. ఆ వాదన తరువాత ఆ నిర్వచనాన్ని ఎవరూ మర్చిపోలేదు.

గళ్ల నుడికట్టు కథ

ఇప్పుడు మనం చూసే క్రాస్‌వర్డ్ పజిల్‌కు మూలమైనదాన్ని ఆర్థర్ విన్ అనే ఆయన తయారు చేశాడు. అది అమెరికాలోని న్యూయార్క్ వరల్డ్ పత్రికలో 1913 డిసెంబర్ 21న అచ్చయింది. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర లాంటి పెద్ద కవులు కూడా ఇలాంటి పజిళ్లు కూర్చారు. కాబట్టి ఇది కాలక్షేపం పని అని ఎవరైనా అంటే మీరు ఈ రెండు పేర్లు చెప్పండి.

తెలుగు నుడికట్టుకు ఒక ప్రత్యేకత ఉంది. ఇంగ్లిష్‌లో ఒక గడికి ఒక లెటర్. తెలుగులో ఒక గడికి ఒక అక్షరం. దానికి గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసి ఉంటాయి. ద్రవ్యోల్బణం చూడటానికి చాంతాడంత కనిపిస్తుంది గాని గళ్లలో నాలుగే: ద్ర, వ్యో, ల్బ, ణం. ఏకస్వామ్యం కూడా నాలుగే: ఏ, క, స్వా, మ్యం. భాటకం మూడు. ఈ లెక్క వేయించగానే పిల్లలకు సగం భయం పోతుంది. నాలుగు గళ్ల మాటను చూసి భయపడేదేముంది?

ఇంకో లాభం కూడా ఉంది. ‘ద్రవ్యోల్భణం’ అని రాసేవాళ్లు ఎంతమందో. గళ్లలో ఒక్కో అక్షరాన్ని విడదీసి రాసేటప్పుడు ఒత్తు ఎక్కడుందో, ఏ ఒత్తో కన్ను చూస్తుంది. పైగా ఆ గడి మీదుగా ఇంకో మాట పోతే తప్పు అక్షరం అక్కడే దొరికిపోతుంది. ఎర్ర ఇంకుతో మేము దిద్దాల్సిన పని ఉండదు.

ఆధారం రాయడం

నుడికట్టు పూరించడం ఆటలో చిన్న భాగం. దాన్ని తయారు చేయడంలోనే ఎక్కువ చదువు ఉంది. మొదటి రెండు వారాలు మేము తయారు చేసినవి పూరించాక, ఆధారాలు రాసే పని తమ్ముళ్లకే అప్పగించాం. మూడు నియమాలు పెట్టాం. జవాబు మాట గాని దాని ముక్క గాని ఆధారంలో ఉండకూడదు. పుస్తకంలోని నిర్వచనాన్ని దించకూడదు. ఆధారం ఆ ఒక్క మాటకే సరిపోవాలి, ఇంకో మాటకు సరిపోకూడదు.

ద్రవ్యోల్బణానికి ఒక తమ్ముడు రాసిన ఆధారం ఇది: ‘నోటు అదే, సంచిలో సరుకు తక్కువ (4)’. ఏకస్వామ్యానికి ఇంకొకరు రాసింది: ‘మా ఊళ్లో పురుగుమందుల దుకాణం. తీసుకుంటే తీసుకో, లేకుంటే పో అంటాడు (4)’. వీటి పక్కన గైడులోని నిర్వచనాలు పెట్టి చూడండి, ఏది గుర్తుంటుందో మీకే తెలుస్తుంది.

మూడో నియమం చాలా కష్టమైనది. చర్చంతా దాని దగ్గరే పుడుతుంది. ద్రవ్యోల్బణానికే ఇంకో తమ్ముడు ‘డబ్బు విలువ తగ్గడం’ అని రాశాడు. పక్కనున్నవాడు ఒప్పుకోలేదు, అది మూల్యహీనీకరణ కూడా కావచ్చు కదా అన్నాడు. అక్కడినుంచి తేడా ఏమిటనే ప్రశ్న వచ్చింది. దేశం లోపల సరుకుల ధరలు సాధారణంగా పెరుగుతూ పోయి రూపాయికి వచ్చే సరుకు తగ్గితే ద్రవ్యోల్బణం. విదేశీ కరెన్సీతో పోల్చి రూపాయి విలువను ప్రభుత్వమే తగ్గించి ప్రకటిస్తే మూల్యహీనీకరణ. 1966 జూన్ 6న మన ప్రభుత్వం అలా చేసింది. అంతవరకు 4 రూపాయల 76 పైసలున్న అమెరికా డాలరు ఆ నిర్ణయంతో 7 రూపాయల 50 పైసలయింది. ఈ చర్చ తరువాత ఆధారాన్ని వాడే మార్చుకున్నాడు.

పన్ను, రుసుము అనే రెండు మాటల దగ్గర కూడా ఇలాగే జరిగింది. ‘ప్రభుత్వానికి కట్టే డబ్బు’ అంటే రెండూ వస్తాయి. పరీక్ష ఫీజు కడితే హాల్‌టికెట్టు ఇస్తారు, అది రుసుము. పన్ను కట్టినవాడికి నేరుగా ఇదిగో నీ వస్తువు అని ఎవరూ ఇవ్వరు. అది అందరి కోసం ఖర్చవుతుంది. మా ఇంట్లో ఎవరూ పన్ను కట్టరు అని ఒక తమ్ముడు అన్నాడు. సబ్బు కొన్నప్పుడు నువ్వు కట్టావు కదా అని మేము చెప్పాం. 2017 జూలై 1న మొదలైన జి.ఎస్.టి. పరోక్ష పన్ను. దాన్ని దుకాణదారు ప్రభుత్వానికి జమచేసినా, ధరలో కలిసి అది మన జేబులోంచే పోతుంది. ప్రభుత్వ ఖజానాలో మన ఇళ్ల డబ్బు కూడా ఉందని తెలిసినప్పుడు వాడి ముఖంలో వచ్చిన మార్పు మేము చూశాం.

రెండు రూపాయల మిత్తి

ఈ మాటలు పరీక్ష కోసమే అనుకుంటే పొరపాటు. ఊళ్లో అప్పు ఇచ్చేవాడు ‘రెండు రూపాయల మిత్తి’ అంటాడు. బ్యాంకు కాగితంలో ‘సంవత్సరానికి 12 శాతం’ అని ఉందనుకుందాం. రెండు చిన్నది, పన్నెండు పెద్దది. చదువు లేని ఇంట్లో ఏది తక్కువ అనిపిస్తుంది?

మిత్తి రెండు రూపాయలంటే నూటికి నెలకు రెండు. ఏడాదికి 24 శాతం. 20,000 రూపాయల అప్పుకు ఏడాదికి మిత్తి 4,800. బ్యాంకులో 12 శాతానికైతే 2,400. ఏడాది చివర మిత్తి కట్టలేకపోతే దాన్ని అసలులో కలుపుతారు. అప్పుడు అసలు 24,800 అవుతుంది. రెండో ఏడు మిత్తి దాని మీద లెక్కిస్తారు కాబట్టి 5,952 పడుతుంది. మొత్తం 30,752 కట్టాలి. దీన్ని పుస్తకం చక్రవడ్డీ అంటుంది. బారువడ్డీ అయితే 29,600తో పోయేది.

2004 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాలకు వచ్చిన ‘పావలా వడ్డీ’ పథకం పేరులోనూ ఈ ఊరి లెక్కే ఉంది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం. మన అమ్మలు సంఘంలో ఏళ్ల తరబడి పలికిన ఆ మాటను పుస్తకం భాషలోకి మార్చమంటే చాలామంది తమ్ముళ్లు మొదటిసారి తడబడ్డారు.

వడ్డీ రేటు అనే మాటకు ఆధారం రాసే రోజు మేము ‘ఎంతకు, ఎంత కాలానికి’ అనే రెండూ ఉండాలని పట్టుబట్టాం. ఆ తరువాత సెలవులకు వెళ్లిన ఒక తమ్ముడు ఇంట్లో ఈ లెక్క వేసి చూపించాడట. వాళ్ల నాన్న అప్పు కోసం ఊళ్లోవాళ్ల దగ్గరికి బయలుదేరి ఉన్నాడు. కాగితం మీద రెండు లెక్కలు చూసి, ‘గింత ఫరకున్నదా బిడ్డా? ఇన్నేండ్లు మాకెవ్వలు చెప్పలే’ అన్నాడట. బ్యాంకు అప్పు అడగగానే దొరకదు, దానికి ఉండే తిప్పలు దానికి ఉన్నాయి. ఆ సంగతి మాకూ తెలుసు. కానీ రెండు దారుల్లో ఏది ఎంత ఖరీదో తెలిసి వెళ్లడం వేరు, తెలియక వెళ్లడం వేరు.

రెండు మాటలు కలిసే గడి

నుడికట్టుకు ఉన్న లోపం కూడా చెప్పాలి. అది మాటలను విడివిడిగా నేర్పుతుంది. అర్థశాస్త్రంలో అసలు విషయం మాటల మధ్య సంబంధంలో ఉంటుంది. డిమాండ్ నిర్వచనం వచ్చినంత మాత్రాన డిమాండ్ రేఖ ఎడమ నుంచి కుడికి ఎందుకు దిగుతుందో తెలియదు. రేఖాచిత్రాలు, పట్టికలు పుస్తకం పెట్టి నేర్చుకోవలసిందే.

ఈ లోపాన్ని కొంత తగ్గించడానికి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. పూరించడం అయ్యాక, అడ్డం మాట, నిలువు మాట కలిసే ప్రతి గడి దగ్గరా ఆ రెండు మాటలతో ఒక వాక్యం రాయాలి. ధర, సరఫరా అనే మాటలు ‘ర’ దగ్గర కలుస్తాయి. ‘మిగతావన్నీ మారకుండా ఉండి సరఫరా తగ్గితే ధర పెరుగుతుంది’ అని వాక్యం. పెట్టుబడి, రాబడి ‘డి’ దగ్గర కలుస్తాయి. ‘పెట్టుబడి ముందు పోతుంది, రాబడి తరువాత వస్తుంది, రాకపోనూ వచ్చు’ అని పత్తి పండించే ఇంటి తమ్ముడు రాశాడు. నష్టభయం మీద పాఠం అంతా ఆ వాక్యంలో ఉంది. కొన్ని చోట్ల కలిసిన మాటల మధ్య ఏ సంబంధమూ ఉండదు. అక్కడ ‘సంబంధం లేదు’ అని రాసి, ఎందుకు లేదో చెబితే దానికీ మార్కు ఇస్తాం.

మన మెస్ లెక్క

ద్రవ్యోల్బణం మన కంచం దాకా ఎలా వస్తుందో చూడండి. తెలంగాణ ప్రభుత్వం 2024లో సంక్షేమ హాస్టళ్ల డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ వరకు చదివేవాళ్లకు నెలకు 1,500 రూపాయలున్నది 2,100 అయింది. రోజుకు 50 ఉన్నది 70 అయిందన్నమాట.

2016లో రిజర్వ్ బ్యాంకు చట్టాన్ని సవరించి ద్రవ్యోల్బణానికి లక్ష్యం పెట్టే పద్ధతి తెచ్చారు. 4 శాతం లక్ష్యం. అటూ ఇటూ 2 శాతం వరకు హద్దు. పై హద్దు అయిన 6 శాతం చొప్పున ఏటా ధరలు పెరిగాయని, మన 2,100 మాత్రం మారలేదని అనుకుందాం. అయిదేళ్లు గడిచేసరికి ఆ 2,100కు వచ్చే సరుకు, పెంచిన ఏడాది దాదాపు 1,570 రూపాయలకు వచ్చినంతే. ఆరేళ్లకు దాదాపు 1,480. అంటే పెంచక ముందున్న 1,500 కన్నా తక్కువ. కాగితం మీద అంకె తగ్గలేదు, కంచంలో కూర తగ్గింది. కాగితం మీది అంకెను నామమాత్రపు విలువ అంటారు, దానికి వచ్చే సరుకును బట్టి చెప్పేదాన్ని వాస్తవ విలువ అంటారు. మెస్ కమిటీలో కూర్చునే ప్రతి విద్యార్థికీ ఈ రెండు మాటలు తెలియాలి. చార్జీలు పెంచమని వినతిపత్రం రాసేటప్పుడు ‘చాలడం లేదు’ అని రాయడానికీ, ‘వాస్తవ విలువ ఇంత తగ్గింది’ అని లెక్కతో రాయడానికీ చాలా తేడా ఉంది.

మీరూ తయారు చేయండి

ఖర్చు లేని పని ఇది. లెక్కలకు వాడే గళ్ల నోటుబుక్కు, పెన్సిలు, రబ్బరు ఉంటే చాలు.

1. ఒక పాఠం నుంచి పది, పన్నెండు మాటలు ఏరండి. అంతకన్నా ఎక్కువ వద్దు.
2. ప్రతి మాటనూ అక్షరాలుగా విడదీసి పక్కన అంకె వేయండి.
3. అన్నిటికన్నా పొడుగు మాటను మధ్యలో అడ్డంగా రాయండి. అందులోని అక్షరం ఏ మాటలో ఉందో వెతికి దాన్ని నిలువుగా దించండి. గుణింతం, సున్న, ఒత్తు అన్నీ కలవాలి. ‘క’ గడిలో ‘కం’ పట్టదు.
4. కుదరని మాటలను పక్కన పెట్టండి, వచ్చే వారానికి పనికొస్తాయి.
5. ఆధారాలు ఇద్దరిద్దరుగా రాయండి. ఒకరు రాస్తే రెండోవారు ‘ఇంకో మాటకు సరిపోతుందా’ అని చూడాలి.
6. డిగ్రీకి వెళ్లాక చాలాచోట్ల ఇంగ్లిష్ మీడియం ఉంటుంది. అందుకని ఇంటర్ రెండో ఏడాది నుంచే కొన్ని ఆధారాలను ‘ఇన్‌ఫ్లేషన్ (4)’, ‘మోనోపలీ (4)’ అని పెట్టండి. జవాబు తెలుగులో రావాలి. ఈ వంతెన ముందే కట్టుకుంటే డిగ్రీ మొదటి ఏడాదిలో మునగకుండా ఉంటారు.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. మన లైబ్రరీలోని పాత గైడుల్లో ప్రణాళికా సంఘం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. 2015 జనవరి 1న దాని స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది. పన్నెండో పంచవర్ష ప్రణాళిక 2017 మార్చితో ముగిసింది. ప్రణాళికా వ్యయం, ప్రణాళికేతర వ్యయం అనే విభజనను 2017-18 కేంద్ర బడ్జెట్ నుంచి తీసేశారు. ఇలాంటి మాటలకు ఆధారం రాసేటప్పుడు ‘ఒకప్పుడు’ అని, సంవత్సరంతో రాయండి.

ఈ సంచికకు ఒక నుడికట్టు

నల్ల గళ్లు ఖాళీ లేనివి. తెల్ల గళ్లలో ఒక్కోదానిలో ఒక్క అక్షరం రాయాలి. అంకె ఉన్న గడి కూడా అక్షరం రాసే గడే.

■ ■ ■ 1 ■ ■
■ ■ 2 □ □ 3
■ ■ ■ ■ ■ □
■ ■ 4 □ 5 □
■ ■ ■ ■ □ ■
■ ■ 6 □ □ ■
■ ■ □ ■ ■ ■
7 □ □ ■ ■ ■

అడ్డం

2. గిరాకీకి జోడు. టమాటలు బండ్ల కొద్దీ వస్తే ఇది పెరిగినట్టు (4)
4. విత్తనాలకు, మందులకు, దున్నకానికి నాన్న ముందే పెట్టేది (4)
6. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు కలిసే ఏర్పాటు. దీనికి గోడలు ఉండనక్కరలేదు (3)
7. ఊళ్లో కౌలు, పుస్తకంలో ఇది (3)

నిలువు

1. వస్తువు విలువను రూపాయల్లో చెబితే (2)
3. ఖర్చుకు ఎదురు మాట. ఇంటికైనా ప్రభుత్వానికైనా కావలసిందే (3)
5. వచ్చే ఏడాది రాకపోకల అంచనా. మనుషులవి కావు, డబ్బులవి (3)
6. దుబాయ్‌లో ఉన్న అన్న పంపిన దిర్హమ్‌లకు ఇక్కడ ఎన్ని రూపాయలో చెప్పేది: రూపాయి ____ విలువ (3)

పూరించాక, కలిసే గళ్ల దగ్గర వాక్యాలు రాయడం మర్చిపోకండి. మొత్తం ఏడు చోట్ల మాటలు కలుస్తాయి. అందులో ఏ కలయికకు అర్థం ఉందో, దేనికి లేదో మీ గదిలో వాదించుకోండి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక విన్నపం. మీలో బ్యాంకుల్లో ఉన్నవాళ్లున్నారు, బడుల్లో చెప్పేవాళ్లున్నారు, వ్యాపారం చేసేవాళ్లున్నారు, గల్ఫ్‌కు వెళ్లివచ్చినవాళ్లున్నారు. మీ పనిలో రోజూ వాడే డబ్బు మాటలు ఒక అయిదు రాసి హాస్టల్‌కు పంపండి. మాట, దాని అర్థం, మీ పనిలో అది ఎక్కడ తగులుతుందో ఒక వాక్యం. వాటితో వచ్చే సంవత్సరం సంచికకు నుడికట్టును ఇంటర్ మొదటి సంవత్సరం తమ్ముళ్లే తయారు చేస్తారు. పూరించాల్సింది మీరు.

జవాబులు

అడ్డం: 2. సరఫరా 4. పెట్టుబడి 6. మార్కెట్ 7. భాటకం
నిలువు: 1. ధర 3. రాబడి 5. బడ్జెట్ 6. మారకం